గుర్తుండని రోజు ఎవరిది?

"మూడేళ్ల పిల్లని తీర్థానికి తీసుకెళ్లి ఏం లాభం? పెద్దయ్యాక దానికి ఒక్క ముక్కైనా గుర్తుంటుందా?"

మా తాటిపాక ఇంట్లో ప్రతి సంక్రాంతికీ ఎవరో ఒకరు వేసే ప్రశ్న ఇది. పిల్లలు మారతారు గానీ ప్రశ్న మారదు. మా అక్క కొడుకు నడక నేర్చిన ఏడాది వచ్చింది, బాబాయి మనవరాలి విషయంలోనూ వచ్చింది. మొన్నటి పండక్కి మా అమ్మాయి వంతు. దానికి మూడేళ్లు నిండి మూడు నెలలు. అడిగింది మా ఆవిడ. మా నాన్న పేపర్లోంచి తలెత్తకుండానే జవాబు చెప్పాడు: "గుర్తుండకపోతే మనం చెప్తాంలేమ్మా."

ఆయన మామూలుగా అనేసిన మాట అది. దాని చుట్టూ నేను రెండు నెలలుగా తిరుగుతున్నాను. గుర్తుండని రోజుని మనం చెప్తాం. సరే, ఏమని చెప్తాం? ఎవరు చెప్తారు? చెప్పింది ఆ పిల్ల జ్ఞాపకం అవుతుందా, మన జ్ఞాపకాన్ని దాని నెత్తిన పెట్టినట్టవుతుందా? పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి, ఎక్కడికి తీసుకెళ్లకూడదు అనే విషయం మీద పేరెంటింగ్ పుస్తకాలు బోలెడున్నాయి. తీసుకెళ్లి వచ్చాక మనం ఆ రోజుని ఏం చేస్తాం అన్నదాని మీద నాకు పెద్దగా ఏమీ కనబడలేదు. అసలు చిక్కంతా అక్కడే ఉందని నా అనుమానం.

ముందు ఎక్కడికి వెళ్లామో చెప్పాలి. బయటివాళ్లకి తీర్థం అంటే పుణ్యక్షేత్రం. మా కోనసీమలో తీర్థం అంటే జాతర: జీళ్లు, బూరలు, రంగులరాట్నం, తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే మైకు. కనుమనాడు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థానికి పెద్ద పేరు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో కర్తవ్యపథ్ మీద ఆంధ్రప్రదేశ్ శకటంగా వెళ్లింది ఈ ప్రభల తీర్థమే కాబట్టి టీవీలో చూసినవాళ్లుంటారు. శకటం మీద అంతా పొందిగ్గా, నీటుగా ఉంది. అసలు తీర్థంలో ఆ నీటు అనేది మచ్చుకైనా ఉండదు.

వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, మొసలపల్లి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, పెదపూడి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి. ఈ పదకొండు ఊళ్ల శివుళ్లు, ఏకాదశ రుద్రులు, ఏడాదికొకసారి ఒక చోట కలుస్తారు. కలిసే చోట గుడి లేదు, గోపురం లేదు. అదొక కొబ్బరితోట, అంతే. ఒక్కో ఊరివాళ్లూ తమ దేవుణ్ణి ప్రభ మీద పెట్టి భుజాల మీద మోసుకొస్తారు. కింద బరువైన దూలాలు, పైన వంచి కట్టిన వెదురు, దానికి రంగురంగుల బట్టలు, గంటలు. రోడ్డుంటే రోడ్డు మీద, లేకపోతే చేలకి అడ్డం పడి వస్తారు. నాట్లు పడ్డ వరిచేను తొక్కేసి వెళ్తుంటే ఆ రైతు చేతులు జోడించి నిలబడతాడు. శివుడు తన చేలోంచి నడిచి వెళ్లాడని ఆయన లెక్క. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే ఎగువ కౌశికలోకి దిగి, పీకల్లోతు నీళ్లలోంచి రావాలి. వ్యాఘ్రేశ్వరుడి ప్రభ తోటలోకి రాగానే అప్పటికే చేరినవాటినన్నిటినీ ఒక్కసారి పైకి లేపుతారు, పెద్దాయన వస్తే కుర్చీల్లోంచి లేచినట్టు. డప్పులు, సన్నాయిలు, టపాకాయలు, "శరభా! అశ్శరభా!" అని వందల గొంతులు. ఇదీ మేం మూడు అడుగుల మనిషికి చూపించాలనుకున్నది.

మా ఆవిడ మూడు షరతుల మీద ఒప్పుకుంది. గంటన్నరకి మించి ఉండకూడదు. టపాకాయల దగ్గరికి వెళ్లకూడదు. పిల్ల "ఇంటికెళ్దాం" అంటే మారుమాట లేకుండా వచ్చెయ్యాలి. ఆన్‌లైన్లో తెప్పించిన చెవుల రక్షణ కప్పులొకటి, గులాబీ రంగువి. దాని చేతి మీద బాల్‌పెన్నుతో నా ఫోన్ నంబరు. మా అమ్మ అవన్నీ చూసి, "పిల్ల తీర్థానికెళ్తోందా, యుద్ధానికెళ్తోందా?" అంది. పాశర్లపూడి వంతెన మీద గోదావరి పాయ దాటి, అమలాపురం, అక్కణ్ణించి అంబాజీపేట. ట్రాఫిక్ వల్ల కారు చాలా దూరంలోనే ఆపేసి నడిచాం.

మొదటి ప్రభ చేల మీదుగా వస్తుంటే దూరంనించి చూసి "పెద్ద గాలిపటం" అంది. అంతవరకూ బానే ఉంది. దగ్గరికొచ్చాక డప్పు మోగింది. చెవుల కప్పులు ఎందుకూ పనికిరాలేదు. ఆ చప్పుడు చెవుల్లోంచి కాదు, కాళ్లకింద నేలలోంచి, నా ఛాతీలోంచి దానికి ఎక్కుతోంది. నా మెడ గట్టిగా పట్టుకుని మొహం భుజంలో దాచేసుకుంది. ఏడుపు. కానీ నేను సెల్ఫీ కెమెరాలో చూశాను: ఒక కన్ను మూసుకుంది, ఒక కన్ను తెరిచే ఉంది. ఆ తెరిచిన కన్ను ప్రభని వదల్లేదు.

కౌశిక దగ్గర మాత్రం ఏడుపు ఆగిపోయింది. నీళ్లలో తలలు మాత్రమే కనిపిస్తున్నాయి, వాటిమీద ప్రభ ఊగుతోంది, ఒడ్డున జనం ఊపిరి బిగబట్టారు. "వాళ్లకి జలుబు చేస్తుంది" అంది నెమ్మదిగా. ఆ తర్వాత తాతయ్య భుజం కావాలంది, ఎక్కింది. తోటలో వ్యాఘ్రేశ్వరుడు వచ్చేదాకా అక్కడే ఉంది. "ఇంటికెళ్దాం" అని ఐదుసార్లు అంది. ఐదోసారి నిజంగానే బయల్దేరితే ఇంకా గట్టిగా ఏడ్చింది, రంగులరాట్నం ఎక్కలేదని. ఎక్కింది. జీళ్లు పళ్లకి అంటుకున్నాయి. బూర కొన్నాం. కారులో పాలగుమ్మి దాటకముందే నిద్రపోయింది.

ఆ రాత్రి అన్నాల దగ్గరికే మూడు తీర్థాలు తయారయ్యాయి. మా నాన్న ఫోన్లో మా పెద్దత్తకి చెప్తున్నాడు: "ఆయ్, అస్సలు భయపళ్లేదే! శరభా శరభా అని తనూ అరిచింది." అరటిచెట్ల దగ్గర నిలబడి మా ఆవిడ వాళ్లమ్మకి చెప్తోంది: "అరగంట ఏడ్చిందమ్మా, గువ్వపిల్లలా వణికిపోయింది." నేను వాట్సాప్ స్టేటస్ పెట్టాను. ఫోన్లో 143 ఫొటోలున్నాయి. పెట్టింది ఒకటి, రంగులరాట్నం ముందు బూర పట్టుకుని నవ్వుతున్నది. మా అమ్మ మాత్రం ఎవరికీ ఏమీ చెప్పకుండా ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేసింది. మా ముగ్గురిలో ఎవరూ లేనిది చెప్పలేదు. నాన్న చెప్పిన అరుపు కూడా నిజమే, ఒక్కసారి అరిచింది. అయినా ఆ మూడూ ఒకే రోజు కథలంటే ఎవరూ నమ్మరు.

ఇప్పుడు మా ఆవిడ ప్రశ్న దగ్గరికి. గుర్తుండని దానికి విలువ ఎంత?

డేనియల్ కానెమన్ 2011లో వచ్చిన 'థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో'లో ఒక ఊహా ప్రయోగం చెప్తాడు. మీరొక విహారయాత్రకి వెళ్తారు. తిరిగి రాగానే ఫొటోలు, వీడియోలు అన్నీ చెరిపేస్తారు, మీకో మందిచ్చి ఆ యాత్ర జ్ఞాపకం మొత్తం తుడిచేస్తారు. అప్పుడు ఆ యాత్రకి వెళ్తారా? ఎంత ఖర్చు పెడతారు? చాలామందికి జ్ఞాపకం లేదనగానే యాత్ర విలువ దాదాపు పడిపోతుంది. మన లోపల అనుభవించే మనిషి వేరు, గుర్తుపెట్టుకునే మనిషి వేరు, పెత్తనమంతా రెండోవాడిదే అంటాడు కానెమన్. మొదటిసారి చదివినప్పుడు సరదా ప్రయోగంలా అనిపించింది. ఇంట్లో చిన్నపిల్ల ఉన్నాక అది ప్రయోగం కాదని తెలిసింది. మూడేళ్లలోపు పిల్లలకి ప్రతి యాత్రా ఆ మందు కలిపిన యాత్రే. ఆ లెక్కన వాళ్లకి తీర్థమే కాదు, పాటెందుకు? కథెందుకు? గోరుముద్దలెందుకు? బిస్కెట్లు పెడితే సరిపోదూ?

దీనికి నాకు తెలిసిన మంచి జవాబు యానుష్ కోర్చాక్‌ది. వార్సాలో అనాథాశ్రమం నడిపిన పోలండ్ వైద్యుడాయన. 1942లో తన పిల్లల్ని వదిలి ప్రాణం దక్కించుకునే అవకాశం ఉన్నా వదలకుండా వాళ్లతోపాటే ట్రెబ్లింకాకి వెళ్లాడు. పిల్లలకుండే మూల హక్కుల్లో ఈరోజు మీద హక్కుని ఆయన లెక్కపెడతాడు. రేపటి పౌరుడు, రేపటి ఇంజనీరు అంటూ పిల్లల ఇవాళని రేపటికి తాకట్టు పెట్టొద్దని. పదో తరగతి నించి మూడేళ్లు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో రేపటి కోసం బతికినవాణ్ని, నాకీ మాట కాస్త గట్టిగానే తగుల్తుంది. కౌశిక ఒడ్డున "వాళ్లకి జలుబు చేస్తుంది" అన్న ఆ నిమిషం తర్వాత దేనికీ పనికిరాకపోయినా ఫర్వాలేదు. అది జరిగింది. జరగడమే చాలు.

అయితే ఈ వాదం రెండువైపులా తెగుతుంది. ఇవాళ్టి సంతోషానికి ఇవాళే విలువుంటే, ఇవాళ్టి భయానికీ ఇవాళే విలువుండాలి. మన ఇళ్లల్లో మరుపుని భలే వాడుకుంటాం. తీసుకెళ్లడం ఇష్టం లేకపోతే "దానికేం గుర్తుంటుంది" అంటాం. తీసుకెళ్లాక ఏడిస్తే "రేపటికి మర్చిపోతుందిలే" అంటాం. ఒకే మరుపు, అటు లాభాన్ని కొట్టేస్తుంది, ఇటు నష్టాన్నీ కొట్టేస్తుంది. అలా కుదరదు. కావాల్సినప్పుడు ఆన్ చేసి అక్కర్లేనప్పుడు ఆపేసే స్విచ్చులా వాడుకుంటే అది వాదం కాదు, మన సౌకర్యం. ఆ అరగంట ఏడుపు మర్చిపోయినా అరగంట ఏడుపే. నేను దాన్ని తక్కువ చెయ్యను. చెయ్యకుండానే, తీసుకెళ్లడం సరైనదే అంటాను. ఎందుకంటే ఆ ఏడుపునీ, తెరిచి ఉన్న ఆ కన్నునీ విడదీసి, ఒకటి ఉంచుకుని ఒకటి తీసేసే వీలు లేదు. పెద్ద విషయం ఎదురైనప్పుడు మనిషికి పుట్టేది అలాంటి కలగలుపే. పెద్దవాళ్లు దానికి భక్తి అని పేరు పెట్టుకుంటారు, ఇంకొందరు అద్భుతం అంటారు. మూడేళ్ల పిల్లకి పేరు లేదు, అంతే తేడా.

మరి "ఇంటికెళ్దాం" సంగతి? షరతు ప్రకారం మొదటిసారికే వచ్చెయ్యాలి. షరతు పెట్టిన మనిషే "ఉండండి, చూద్దాం" అంది. చలం 'బిడ్డల శిక్షణ' చదివినవాళ్లకి ఇక్కడ కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. పిల్లల మీద పెద్దల అధికారాన్ని అంత సూటిగా ప్రశ్నించిన తెలుగు పుస్తకం నాకు ఇంకోటి తెలీదు. పిల్ల వద్దంటే వద్దు అనేది మంచి సూత్రం. కానీ ఏ వద్దు? నోటితో వద్దంటూ వేలితో ప్రభని చూపిస్తుంటే? ఎత్తుకుని నాలుగడుగులు వెనక్కి వెళ్తే ఒళ్లు వదులై, తిరిగి చూస్తుంటే? మా ఆవిడ చూస్తున్నది మాటని కాదు, దాని చేతివేళ్లని. పిడికిలి బిగిసే ఉందా, వదులైందా అని. అరగంట తర్వాత వదులైంది. కాకపోయుంటే వచ్చేసేవాళ్లమే. ఇది సూత్రానికి లొంగదు. కోడ్‌లో రాయమంటే నేను రాయలేను. పిల్లని ఎత్తుకున్న మనిషికి తెలుస్తుంది, ఎత్తుకోనివాళ్లకి తెలీదు. "అలవాటు చెయ్యాలండీ, ధైర్యం రావాలి" అని పక్కనించి సలహా ఇచ్చినవాళ్లెవరూ ఆ పిడికిలి పట్టుకుని చూసినవాళ్లు కారు.

ఇక్కడిదాకా ఆ రోజు సంగతి. నాకు ఎక్కువ గుబులు పుట్టిస్తున్నది ఆ తర్వాతి సంగతి.

జ్యాఁ పియాజే పేరు బీఈడీ చదివినవాళ్లందరికీ తెలుసు, పిల్లల బుద్ధి ఎలా ఎదుగుతుందో జీవితమంతా పరిశీలించినవాడు. ఆయనకి తన రెండేళ్ల వయసు నాటి జ్ఞాపకం ఒకటి స్పష్టంగా ఉండేది. ఆయా తనని తోపుడుబండిలో పారిస్‌లో షాంజెలీజె వీధికి షికారు తీసుకెళ్లింది. ఎవడో తనని ఎత్తుకుపోబోయాడు. ఆయా అడ్డం పడింది, ఆమె మొహం గీరుకుపోయింది, జనం పోగయ్యారు, పోలీసు వచ్చాడు. అన్నీ కళ్లకి కట్టినట్టు గుర్తు. పియాజేకి పదిహేనేళ్లు వచ్చేసరికి ఆ ఆయా వాళ్లింటికి ఉత్తరం రాసింది: అదంతా నేను కల్పించిందే, మెచ్చుకోలుగా అప్పుడు మీరిచ్చిన వాచీ తిరిగి ఇచ్చేస్తున్నాను, అని. అంటే చిన్నప్పుడు ఇంట్లో విన్న కథే ఆయన లోపల బొమ్మగా మారి జ్ఞాపకం సీట్లో కూర్చుంది. జ్ఞాపకాల గురించి అంత ఆలోచించినవాడికే.

ఫొటోలైతే ఇంకా ఘోరం. 2002లో కింబర్లీ వేడ్, ఇంకొందరు పరిశోధకులు ఇరవై మందికి వాళ్ల చిన్ననాటి ఫొటోలు చూపించారు. వాటిలో ఒకటి దొంగది. వేడిగాలి బెలూన్‌లో తిరుగుతున్నట్టు కంప్యూటర్లో అతికించింది. నిజానికి వాళ్లెవరూ బెలూనెక్కలేదు. మూడుసార్లు మాట్లాడేసరికి సగంమంది ఆ ప్రయాణాన్ని పూర్తిగానో కొంతగానో "గుర్తుచేసుకున్నారు". నేను 143 ఫొటోల్లోంచి ఒకటి ఏరి పెట్టాను. అది దొంగ ఫొటో కాదు. కానీ మా అమ్మాయికి పదేళ్లు వచ్చేసరికి జగ్గన్నతోట అంటే ఆ ఒక్క బూరే మిగిలితే, ఆ ఏరడానికీ అతికించడానికీ ఎంత దూరం?

పరాయి దేశాల కథలెందుకు, నా సంగతే ఉంది.

1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి బ్లోఅవుట్ అయింది. 65 రోజులు మండింది. కోనసీమలో మా వయసువాళ్లని ఎవరిని అడిగినా రాత్రిళ్లు ఎర్రబడ్డ ఆకాశం గురించి చెప్తారు. అప్పుడు నాకు నాలుగేళ్లు. నా మొట్టమొదటి జ్ఞాపకం అదే: స్కూటర్ మీద ముందు నిలబడ్డాను, వెనక నాన్న. దూరంగా మంట. కొబ్బరిచెట్లు నల్లగా, వాటి వెనక నారింజరంగు. హోరుమనే చప్పుడు, కడుపులో దడ. నాన్న చెప్పే కథలో నేను చప్పట్లు కొట్టి "ఇంకా, ఇంకా" అన్నాను. అమ్మ చెప్పే కథలో మూడు రోజులు జ్వరం వచ్చింది, నిద్దట్లో లేచి కూర్చునేవాణ్ని. మొన్న పండగలో ఈ మాటలొచ్చినప్పుడు మా అక్క అరిసె ముక్క తుంచుకుంటూ తేలిగ్గా అనేసింది: "నువ్వసలు రాలేదురా. నాన్న తీసుకెళ్లింది నన్ను. నువ్వు మామ్మ పక్కలో నిద్రపోతున్నావు."

నాన్న ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. మరునాడు బీరువాలో వెతికితే స్కూటర్ ఆర్సీ బుక్ దొరికింది. ఆ స్కూటర్ కొన్నది 1997లో.

అయితే సైకిలు మీద వెళ్లామేమో, అక్క చెప్పిందే నిజమేమో, మా డాబా మీంచి చూసిందాన్నే నేను స్కూటర్ మీద పెట్టుకున్నానేమో. ఆ నారింజరంగు నిజం, అంతవరకూ ఎవరూ కాదనరు. మిగిలింది ఎవరిదో తేలదు. తేలకపోతే ఏం పోయింది అంటారా? నాకు పోయింది ఒకటుంది. ఇంట్లో చెలామణీ అయింది నాన్న కథే. ఎనిమిదేళ్లప్పుడు కాలవలో ఈత నేర్చుకోవడానికి నేను దిగనంటే గట్టుమీది పెద్దవాళ్లందరిదీ ఒకటే మాట: "నువ్వా భయపడేది? నాలుగేళ్లప్పుడే అంత మంట చూసి చప్పట్లు కొట్టినవాడివి!" నాకు నీళ్లంటే భయంగా ఉంది. కానీ ఆ నాలుగేళ్లవాడు నా ముందు నిలబడి ఉన్నాడు, నాకంటే ధైర్యంగా. వాణ్ని దాటి భయపడ్డానికి నాకు వీల్లేకపోయింది. కళ్లు మూసుకుని దూకాను. ఈత వచ్చిందిలెండి. కానీ భయపడే హక్కు ఒకటి ఆరోజు నా దగ్గర లేదు, దాన్ని ఎవరు ఎప్పుడు తీసుకున్నారో నాకు తెలీలేదు.

అందుకే "మనం చెప్తాంలే" అన్న మాట నాకు చిన్నదిగా కనిపించడం లేదు. మూడేళ్ల పిల్ల రోజు గురించి మనం చెప్పే కథ కథగా ఆగదు, కాండక్ట్ సర్టిఫికెట్ అవుతుంది. నాన్న చెప్పిందే నిలిస్తే అది ధైర్యవంతురాలు, రేపు డెంటిస్టు దగ్గర ఏడవడానికి కుదరదు. వాళ్లమ్మ చెప్పిందే నిలిస్తే అది పిరికిది, రేపు స్కూలు టూరుకి పంపించాలా వద్దా అని చర్చ. నా ఫొటోయే నిలిస్తే అదెప్పుడూ నవ్వుతూ ఉండే పిల్ల, ఇది అన్నిటికన్నా కష్టమైన ఉద్యోగం. దాని దగ్గర ఆ రోజు లేదు కాబట్టి మనం ఇచ్చిందే తీసుకుంటుంది. ఎదురు చెప్పలేని మనిషి ఆస్తిని చూసుకునే గార్డియన్‌కి కోర్టు కొన్ని నియమాలు పెడుతుంది: లెక్క రాయాలి, సొంతానికి వాడుకోకూడదు, మైనారిటీ తీరాక అప్పజెప్పాలి. ఒక కనుమ రోజు కూడా అలాంటి ఆస్తేనని నాకు అనిపిస్తోంది.

నేను చేసిన పని చిన్నదే. సర్వర్ పడిపోయినప్పుడు మా ఆఫీసులో ఎవరి థియరీ వాళ్లు చెప్పేముందు లాగ్స్ చూస్తాం. లాగ్‌లో ఏదీ చెరపరు, కొత్తది కింద చేరుస్తారు. అలాగే ఒక ఫైలు తెరిచి అందరి కనుమనీ అందులో రాశాను. నాన్నది, అమ్మది, మా ఆవిడది, నాది. ఎవరి మాట వాళ్ల పేరుతో. ఏ ఫొటో ఎన్ని గంటలకి తీసిందో, మొహం దాచుకున్న ఫొటోలతో సహా. ఏది సరైనదో రాయలేదు. మా అక్కకి ఇది నచ్చలేదు. "పిల్లకి ఒక నవ్వే కథ చాలదేంట్రా? దానికి ఇన్ని వాదోపవాదాలెందుకు, ఇల్లనుకున్నావా, కోర్టనుకున్నావా?" అంది. ఆవిడ మాటలో పస ఉంది. కాస్త తీపి కలిపిన కథలతోనే కుటుంబాలు నిలబడతాయి. అందరి కథలూ సాక్ష్యాలతో సరిచూస్తే పండగపూట ఎవరూ మాట్లాడుకోరు. అందుకని నాన్న మా పెద్దత్తకి చెప్పేటప్పుడు నేను అడ్డం పడను. కానీ మా అమ్మాయి "నేను ఏడ్చానా?" అని అడిగిన రోజు "లేదమ్మా, నవ్వావు" అని మాత్రం చెప్పను. ఏడ్చావు, చూశావు కూడా, అని చెప్తాను.

ఈలోపు అది తన కథ తను చెప్పుకుంటోంది, ఫైలు తెరిచినప్పటినించీ అవి కూడా తేదీలు వేసి రాస్తున్నాను. పండగైన వారానికి: "బూర ఎగిరిపోయింది." బూర ఎగరలేదు, హైదరాబాద్ దాకా వచ్చింది. ఫిబ్రవరిలో డేకేర్ ఆంటీతో: "నీళ్లల్లో ఇల్లు నడిచింది. దానికి జలుబు." మార్చి మొదట్లో ఒకరోజు స్నానం చేయిస్తుంటే: "గంట ఏడ్చింది, నేను ఏడవలేదు."

పోయిన ఆదివారం ఇంకోటి చెప్పింది. "తాతయ్య ఏడ్చాడు."

ఎప్పుడమ్మా అన్నాను. "అన్నీ పైకి లేపినప్పుడు" అంది. వ్యాఘ్రేశ్వరుడు తోటలోకి వచ్చినప్పుడు అది తాతయ్య భుజం మీద ఉంది. మేం నాలుగడుగులు వెనక ఉన్నాం, మాకు ఆయన వీపే కనిపించింది. 143 ఫొటోల్లో ఆ నిమిషానివి తొమ్మిదున్నాయి, అన్నిట్లోనూ వీపే.

ఆ సాయంత్రం తాటిపాకకి ఫోన్ చేసి అటూ ఇటూ మాట్లాడి, చివర్లో అడిగాను. నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "దుమ్మురా. కంట్లో పడింది" అన్నాడు.

తోటలో ఆరోజు దుమ్ము నిజంగానే బాగా ఉంది. ఫైల్లో రెండూ రాశాను.